డిజిటల్ ఈపీఏబీఎక్స్, అనలాగ్ పరికరాలు: ఏది కలుస్తుంది, ఏది కలవదు

ఆఫీసులో ఫోన్ల వ్యవస్థ (ఈపీఏబీఎక్స్) మార్చిన మర్నాడు మేనేజరు బల్లమీది ఫోన్ గురించి ఫిర్యాదు రాదు. ఫిర్యాదులు వచ్చే చోట్లు వేరు. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఫోన్ మోగదు. ఫ్యాక్స్ సగం పేజీ పంపి ఆగిపోతుంది. కార్డు గీకే మిషన్ లైను దొరకలేదంటుంది. లిఫ్టులో అత్యవసర బటన్ నొక్కితే అవతల ఎవరూ పలకరు. ఇవన్నీ అనలాగ్ పరికరాలు. అమ్మకందారు ఇచ్చే కొటేషన్‌లో వీటి ఊసు ఉండదు. ఉన్నా ‘అనలాగ్ ఎక్స్‌టెన్షన్లు: 16’ అని ఒక్క పంక్తితో సరిపెడతారు.

ఆ ఒక్క పంక్తిలోనే చిక్కంతా ఉంది. పదహారు పోర్టులూ చూడటానికి ఒకటే అయినా, వాటికి తగిలించే పరికరాలు లైను నుంచి కోరేవి ఒకటి కావు. ఒకదానికి మాట వినపడితే చాలు. ఇంకొకదానికి గంట గట్టిగా మోగాలి. మరొకదానికి ఒక్క బిట్టు కూడా పోకూడదు. కరెంటు పోయినా పని చేయాల్సినవీ కొన్ని ఉంటాయి. పరికరం ఏం కోరుతుందో ముందు తెలుసుకుని, దాన్నిబట్టి కలిపే దారి ఎంచుకోవాలన్నదే ఈ సమీక్షలో తేలే మాట.

అనలాగ్ లైను చేసే పని ఎంత?

రెండు రాగి తీగల మీద నడిచే పాత ఫోన్ లైను చూడటానికి సాదాగా ఉంటుంది గానీ చాలా పనులు చేస్తుంది. రిసీవరు పెట్టి ఉన్నప్పుడు తీగల మధ్య దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవరు ఎత్తగానే 20 నుంచి 40 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ పారుదలను గుర్తుపట్టి ఎక్స్ఛేంజి డయల్ టోన్ ఇస్తుంది. కాల్ వస్తే అదే తీగల మీద 75 వోల్టుల ఏసీని పంపి గంట మోగిస్తుంది. మాటల కోసం 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని వాడుకుంటుంది. రెండు తీగల మీద రెండు వైపులా నడిచే మాటను ఎక్స్ఛేంజి లోపల నాలుగు తీగల దారిగా విడదీసే హైబ్రిడ్ సర్క్యూటూ ఉండాలి. ఆ విడదీత సరిగా కుదరకపోతే మన మాట మనకే ప్రతిధ్వనిగా వినిపిస్తుంది.

కరెంటు ఇవ్వడం, పిడుగు నుంచి కాపాడటం, గంట మోగించడం, లైనును కనిపెట్టుకుని ఉండటం, మాటను డిజిటల్‌గా మార్చడం, దారులు విడదీయడం, పరీక్షించడం అని టెలికాం ఇంజనీర్లు వీటిని ఏడు పనులుగా లెక్కపెడతారు. ఈపీఏబీఎక్స్‌లోని మామూలు ఫోన్లకు లైనిచ్చే ఎస్‌ఎల్‌టీ కార్డు ప్రతి పోర్టుకూ ఈ ఏడూ చేయాలి. కార్డు ధర పెరగడానికీ, చవక అడాప్టర్లు ఇందులో కొన్నింటిని అరకొరగా చేయడానికీ కారణం ఇదే.

డిజిటల్ పోర్టు సంగతి వేరు

ఆఫీసు ఎక్స్ఛేంజి లోపలి భాగం డిజిటల్‌గా మారడం 1970ల నడుమ మొదలైంది. 1975లో కెనడా కంపెనీ నార్తర్న్ టెలికాం తెచ్చిన ఎస్‌ఎల్-1 ఆ తరానికి పేరు తెచ్చింది. మన దేశంలో 1984లో ఏర్పడిన సీ-డాట్ మొదట చేతికందించిన వాటిలో 128 పోర్టుల పీఏబీఎక్స్ ఒకటి. దాని సాంకేతికతను అనేక తయారీదారులకు ఇవ్వడంతో ఈపీఏబీఎక్స్ అన్న మాట చిన్న ఊళ్ల ఆఫీసులకూ చేరింది. ఈ వ్యవస్థల్లో మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. అంటే ఒక్కో కాల్‌కు సెకనుకు 64 కిలోబిట్ల దారి. కొలతలు రాసే పద్ధతి మన దేశంలోనూ ఐరోపాలోనూ ఏ-లా, అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా.

ఇంతవరకు అందరికీ ఉమ్మడే. బల్లమీది డిజిటల్ సెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వారిదే. సెట్టుకూ ఎక్స్ఛేంజికీ మధ్య నడిచే భాషను ప్రతి కంపెనీ తనదిగా ఉంచుకుంది. అందుకే ఒక కంపెనీ డిజిటల్ సెట్టు మరో కంపెనీ ఎక్స్ఛేంజిలో మూగబోతుంది. నార్తర్న్ టెలికాం తర్వాతి పేరు నార్టెల్. అది 2009 జనవరిలో దివాలా రక్షణ కోరింది, ఆఫీసు ఫోన్ల వ్యాపారం ఆ ఏడాదే అవాయా చేతికి వెళ్లింది. ఆ సెట్లు కొన్న ఆఫీసులకు విడిభాగాల వేట తప్పలేదు. మామూలు అనలాగ్ ఫోన్ మాత్రం ఏ కంపెనీ అనలాగ్ పోర్టుకు పెట్టినా డయల్ టోన్ వస్తుంది. అది ఇంకా బతికి ఉండటానికి చవకతనం కన్నా ఈ కలుపుగోలుతనమే పెద్ద కారణం.

అనలాగ్ ఎక్స్‌టెన్షన్, డిజిటల్ ఎక్స్‌టెన్షన్, బయటి లైను మూడింటికీ గోడమీద కనిపించేది ఒకే ఆర్‌జే-11 సాకెట్టు. ఉప్పూ పంచదారా ఒకే రకం డబ్బాల్లో పోసి పేర్లు రాయకుండా వదిలేసినట్టు ఉంటుంది వ్యవహారం. ల్యాప్‌టాప్‌లలో డయల్-అప్ మోడెం ఉన్న రోజుల్లో హోటల్ గదిలోని డిజిటల్ సాకెట్టుకు మోడెం తగిలించి కాల్చుకున్నవారు ఎందరో. సాకెట్టు ఏ రకమో చూపించే చిన్న టెస్టర్లు అప్పట్లో విడిగా అమ్ముడయ్యేవి. డిజిటల్ పోర్టుకు అనలాగ్ పరికరం నేరుగా పెట్టకూడదన్న నియమం అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

గుర్తుంచుకోవాల్సిన జంట మరొకటి ఉంది. కరెంటూ గంటా ఇచ్చే పోర్టు ఎఫ్‌ఎక్స్‌ఎస్. వాటిని అందుకునే పోర్టు ఎఫ్‌ఎక్స్‌ఓ. ఎప్పుడూ ఒకటి ఇచ్చేది, మరొకటి అందుకునేది కావాలి. ఇచ్చే రెండు పోర్టులను ఎదురెదురుగా కలిపితే లైను పని చేయదు సరికదా, ఏదో ఒక కార్డు దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

కలిపే దారులు

మొదటిది, ఎక్స్ఛేంజిలోనే అనలాగ్ కార్డు వేయడం. మంచి దారి ఇదే. కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే వస్తుంది, గంట బలంగా ఉంటుంది, దూరపు ఎక్స్‌టెన్షన్లు లాగొచ్చు. కొన్ని వ్యవస్థల్లో మిశ్రమ కార్డులూ ఉన్నాయి. ప్యానసోనిక్ కేఎక్స్-టీడీఏ శ్రేణిలోని హైబ్రిడ్ కార్డు పోర్టుకు డిజిటల్ సెట్టయినా మామూలు ఫోనైనా పెట్టొచ్చు. ఒకే పోర్టు మీద రెండింటినీ వేర్వేరు నంబర్లతో నడిపే సదుపాయమూ ఉంది.

రెండోది, డిజిటల్ పోర్టు చివర అడాప్టరు పెట్టడం. ఆ మూల ఒక్క అనలాగ్ పరికరం ఉండి, కార్డుకు ఖాళీ స్లాటు లేనప్పుడు ఇది పనికొస్తుంది. అయితే అడాప్టరు కూడా ఆ కంపెనీదే కావాలి. దానికి పక్కనే కరెంటు ప్లగ్గు కావాలి.

మూడోది, ఐపీ వ్యవస్థల్లో సిప్ అనే భాష మాట్లాడుతూ అనలాగ్ పరికరాన్ని నెట్‌వర్క్‌కు కలిపే ఏటీఏ పెట్టె లేదా పెద్ద గేట్‌వే. వడోదరకు చెందిన మేట్రిక్స్ లాంటి దేశీయ సంస్థలు ఎక్స్ఛేంజీలతో పాటు ఈ పెట్టెలూ తయారు చేస్తున్నాయి. మాటకు ఇవి బాగానే ఉంటాయి. మాట కానివాటికే తంటా.

నాలుగోది, ఆ పరికరాన్ని ఎక్స్ఛేంజి జోలికే రానివ్వకుండా టెలిఫోన్ కంపెనీ లైనుకు నేరుగా ఇవ్వడం. నెలనెలా అద్దె పడుతుంది. కొన్ని పరికరాలకు ఇంతకన్నా మేలైన దారి లేదు.

అయిదోది చాలామందికి గుర్తురాదు: పరికరాన్నే మార్చేయడం. కార్డు గీకే మిషన్ కొత్తది సిమ్ కార్డుతో వస్తున్నప్పుడు, పాతదాని కోసం ఏటీఏ కొని సెట్టింగులతో కుస్తీ పట్టడం తెలివైన ఖర్చు కాదు.

మాట్లాడే ఫోన్లు

మామూలు ఫోన్లు, కార్డ్‌లెస్ సెట్లు ఏ దారిలోనైనా కుదురుకుంటాయి. వచ్చే ఇబ్బందులు చిన్నవే అయినా కారణం తెలియకపోతే రోజుల తరబడి వేధిస్తాయి.

ఫ్లాష్ బటన్ సంగతి చూడండి. కాల్ ట్రాన్స్‌ఫర్ చేయడానికి అది లైనును క్షణంపాటు తెంచుతుంది. మన దగ్గరి ఫోన్లలో ఆ తెంపు సాధారణంగా 600 మిల్లీసెకన్లు, ఐరోపా ఫోన్లలో 100. ఐరోపా నుంచి తెచ్చిన సెట్టుతో ట్రాన్స్‌ఫర్ చేయబోతే ఎక్స్ఛేంజి ఆ తెంపును పట్టించుకోదు. దీనికి కొత్త ఫోన్ కొనక్కర్లేదు, ఎక్స్ఛేంజిలో ఫ్లాష్ టైమరు సరిచేస్తే చాలు.

గంటది మరో కథ. ఒక పోర్టు ఎన్ని గంటలు మోగించగలదో దానికొక హద్దుంది. పారలల్ కనెక్షన్లు పెంచుకుంటూ పోతే గంట నీరసిస్తుంది. లోహపు గంటలున్న పాత ఫోన్లు చిన్న ఏటీఏల మీద అసలే మోగకపోవచ్చు. వేలితో తిప్పే డయల్ ఫోన్ సెకనుకు 10 తెంపుల చొప్పున అంకెలు పంపుతుంది. చాలా ఏటీఏలకు ఆ భాష రాదు.

హోటళ్లలో వందల గదులకు అనలాగ్ ఫోన్లే ఉంటాయి. అక్కడ సందేశం వచ్చిందని చెప్పే ఎర్రదీపాన్ని ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి. కొన్ని ఫోన్లలో అది 90 వోల్టులకు దగ్గరగా ఇస్తే వెలిగే నియాన్ దీపం, కొన్నింటిలో డేటా సంకేతంతో వెలిగేది. కొత్త కార్డు ఆ రెండింటిలో ఏది ఇస్తుందో చూడకుండా కొంటే దీపాలన్నీ అలంకారంగా మిగులుతాయి.

దూరం విషయంలో మాత్రం అనలాగ్‌దే పైచేయి. ఐపీ ఫోన్‌కు వేసే ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్లు దాటితే మధ్యలో స్విచ్చు కావాలి. అర మిల్లీమీటరు రాగి జత కిలోమీటరుకు రానూపోనూ సుమారు 175 ఓమ్‌ల నిరోధమే చూపుతుంది. కాబట్టి మంచి ఎస్‌ఎల్‌టీ కార్డు ఫ్యాక్టరీ గేటుకో, పంపుహౌసుకో, విశ్వవిద్యాలయం ఆవలి హాస్టల్‌కో తేలిగ్గా చేరుతుంది. అయితే ఆరుబయట నడిచే తీగ పిడుగు ప్రభావాన్నీ లోపలికి తెస్తుంది. తీగలన్నీ కలిసే ఎండీఎఫ్‌లో క్రోన్ మాడ్యూళ్ల మీద రక్షణ మ్యాగజైన్లు బిగించి, మంచి ఎర్తింగ్ ఇవ్వకపోతే ఒక్క ఉరుముల వానకు కార్డంతా పోవచ్చు.

ఫ్యాక్స్, మోడెం, అలారం

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. మనిషి చెవి మాటలో చిన్న తునక పోతే సర్దుకుంటుంది. యంత్రం సర్దుకోదు.

ఐపీ మీద మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల పొట్లాలుగా పంపుతారు. సెకనుకు 14,400 బిట్ల వేగంతో నడిచే ఫ్యాక్స్‌కు ఒక్క పొట్లం పోతే 288 బిట్లు పోయినట్టు. పేజీలో ఒక గీత కొట్టుకుపోవడానికి అది చాలు. ఆదా కోసం జీ.729 లాంటి కుదింపు వాడితే పరిస్థితి ఇంకా ఘోరం. సెకనుకు 8 కిలోబిట్లలోకి మాటను కుదించే ఆ లెక్క మనిషి గొంతు కోసం తయారైంది, ఫ్యాక్స్ కూతను అది గుర్తుపట్టలేనంతగా మార్చేస్తుంది. దీనికి మందుగా 1998లో టీ.38 ప్రమాణం వచ్చింది. అది ఫ్యాక్స్ ధ్వనిని మోయకుండా, అందులోని బిట్లను విడదీసి నెట్‌వర్క్ మీద పంపుతుంది. ఇటు ఏటీఏ, అటు ఆపరేటరు గేట్‌వే రెండూ టీ.38 ఒప్పుకుంటేనే ఫలితం. లేకపోతే 64 కిలోబిట్ల జీ.711 పెట్టి, నిశ్శబ్దాన్ని కత్తిరించే సదుపాయం ఆపి, ఫ్యాక్స్ వేగాన్ని 9,600కు దించడం మిగిలిన ఉపాయం.

ఐపీ లేని పాతతరం డిజిటల్ ఎక్స్ఛేంజిలోనూ ఫ్యాక్స్ చెడే సందర్భం ఒకటుంది. టెక్నీషియన్లు తరచు విస్మరించేది అదే. టెలిఫోన్ కంపెనీ ఇచ్చే పీఆర్ఐ అనే డిజిటల్ లైను గడియారంతో ఎక్స్ఛేంజి గడియారం జతపడి నడవాలి. సెట్టింగు తప్పి ఎక్స్ఛేంజి తన సొంత గడియారం మీద నడిస్తే, రెండింటి మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా ప్రతి రెండున్నర సెకన్లకు ఒక కొలత జారిపోతుంది. మాటలో అది చిన్న ‘టిక్’మన్న చప్పుడు, అదీ గమనిస్తేనే. ఫ్యాక్స్‌కు మాత్రం ప్రతి జారుడూ ఒక దెబ్బ. మాట శుభ్రంగా ఉండి ఫ్యాక్స్ మాత్రమే చెడుతోందంటే ముందుగా చూడాల్సింది గడియారం సెట్టింగు. ఫ్యాక్స్ మిషన్ను నిందించడం ఆ తర్వాత.

మోడెంలదీ ఇదే దారి. 56 కిలోబిట్ల వీ.90 మోడెం, దారిలో ఒకే ఒక్క అనలాగ్-డిజిటల్ మార్పిడి ఉందన్న నమ్మకం మీద తయారైంది. మధ్యలో అనలాగ్ ట్రంకులు (బయటి లైన్లు) ఉన్న ఎక్స్ఛేంజి దూరితే మార్పిడులు పెరిగి వేగం 33.6కో, ఇంకా కిందికో పడిపోతుంది. నెమ్మది మోడెంతో నడిచే కార్డు మిషన్లు ఈ విషయంలో ఓర్పు గలవి. బయటి లైను కోసం ముందు 0 పెట్టి, తర్వాత కాసేపు ఆగేలా కామా పెడితే చాలాసార్లు అక్కడితో సమస్య తీరుతుంది.

దొంగల అలారం ప్యానెళ్లు మరీ సున్నితమైనవి. వీటిలో బాగా వాడుకలో ఉన్న కాంటాక్ట్ ఐడీ పద్ధతి, అవతలి కేంద్రం నుంచి 1,400, 2,300 హెర్ట్జ్ కూతలు వినగానే అంకెలను డీటీఎంఎఫ్ కూతలుగా గబగబా పంపుతుంది. ఏటీఏలు డీటీఎంఎఫ్ కూతలను తీసేసి వాటికి బదులు సందేశాలు పంపి, అవతల మళ్లీ కూతలుగా తయారుచేస్తాయి. ఆ మార్పిడిలో అంకెల నిడివి తేడా పడితే కేంద్రం సందేశాన్ని ఒప్పుకోదు. ప్యానెల్ మళ్లీ మళ్లీ తిప్పుతూనే ఉంటుంది.

బయటి లైను కూడా మారిపోయింది

ఎక్స్‌టెన్షన్ల గోల ఒకవైపు ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల ఆఫీసుల్లో ఇప్పుడు ట్రంకు వైపూ కొత్త చిక్కు వచ్చింది. రాగి లైన్లు పోయి ఫైబర్ వస్తోంది. బీఎస్ఎన్ఎల్ అయినా, ప్రైవేటు కంపెనీలయినా, ఏపీ ఫైబర్‌నెట్ అయినా గోడకు బిగించిన పెట్టెలోని ఫోన్ పోర్టు నుంచే డయల్ టోన్ ఇస్తాయి. ఆ పోర్టును తీసుకొచ్చి పాత ఎక్స్ఛేంజిలో బయటి లైను అందుకునే సీఓ కార్డుకు కలుపుతారు. అంటే డిజిటల్‌గా వచ్చిన మాట పెట్టెలో అనలాగ్‌గా మారి, ఎక్స్ఛేంజిలో మళ్లీ డిజిటల్ అయి, ఎక్స్‌టెన్షన్ దగ్గర ఇంకోసారి అనలాగ్ అవుతుంది. మాట తట్టుకుంటుంది, ఫ్యాక్స్ తట్టుకోవడం కష్టం.

కాలర్ ఐడీ మాయమవడం ఇంకొక లక్షణం. మన రాగి లైన్లలో నంబరు ఎక్కువగా డీటీఎంఎఫ్ పద్ధతిలో వచ్చేది. ఫైబర్ పెట్టె మోడెం తరహా ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో పంపుతుంటే, సీఓ కార్డు సెట్టింగు మార్చేదాకా నంబరు కనపడదు. అవతలివారు పెట్టేసినా లైను విడుదల కాకపోవడం దీనికి తోబుట్టువు. ఎక్స్ఛేంజి ఆ విషయాన్ని లైను ధ్రువాలు మారడం వల్లనో, కరెంటు తెగడం వల్లనో, బిజీ టోన్ వినో తెలుసుకోవాలి. కొత్త పెట్టె ఏ సూచన ఇస్తుందో దాన్నే ఎక్స్ఛేంజికి నేర్పాలి. లేకపోతే రికార్డు చేసిన స్వాగత వచనం ఖాళీ లైనుకు గంటల తరబడి నమస్కారాలు చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు కరెంటుది. రాగి లైనుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాటరీ అండ ఉండేది. ఫైబర్ పెట్టె మన గోడ ప్లగ్గు మీద ఆధారపడుతుంది. దానికి యూపీఎస్ లేకపోతే కరెంటు పోయిన క్షణమే ఆఫీసుకు బయటి ప్రపంచంతో ఫోన్ సంబంధం తెగుతుంది.

ప్రాణాలతో ముడిపడినవి

లిఫ్టు ఫోన్, అగ్నిమాపక ప్యానెల్, వృద్ధుల సహాయ బటన్ లాంటివాటిని మిగతావాటితో కలిపి లెక్కపెట్టకూడదు. బ్రిటన్‌లో పాత ఫోన్ నెట్‌వర్క్‌ను 2025 డిసెంబరుకల్లా మూసేయాలనుకున్నారు. ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధుల సహాయ పరికరాలు కొత్త లైన్లమీద పని చేయని ఘటనలు బయటపడ్డాక బలవంతపు మార్పిడిని ఆపారు, గడువు 2027 జనవరికి జరిగింది. ఒక దేశం మొత్తం ఆగి ఆలోచించిన విషయాన్ని ఒక ఆసుపత్రి, ఒక అపార్టుమెంటు సంఘం తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

డయలింగ్ కూడా ఇందులో భాగమే. 2013లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక మోటెల్ గదిలో తల్లిపై దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. బయటి లైనుకు ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి తెలియదు. తల్లి దక్కలేదు. ఆమె పేరుమీద వచ్చిన కారీస్ లా 2020 ఫిబ్రవరి నుంచి అమలవుతోంది. కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్ వ్యవస్థల్లో ముందు ఏ అంకే నొక్కకుండానే 911 కలవాలని అది శాసిస్తుంది. మన ఎక్స్ఛేంజీల్లో అత్యవసర నంబరు 112 నేరుగా కలిసేలా సెట్ చేయడం కొద్ది నిమిషాల పని. చట్టం చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

నిబంధనల మాట

మన దేశంలో ఈ సామగ్రికి తప్పనిసరి పరీక్షలు, ధ్రువీకరణ ఉన్నాయి. 2019 అక్టోబరులో అమలైన మొదటి దశలోనే పీఏబీఎక్స్, రెండు తీగల ఫోన్లు, కార్డ్‌లెస్ సెట్లు, ఫ్యాక్స్ మిషన్లు, మోడెంలు ఆ జాబితాలో చేరాయి. అంగట్లో దొరికే పేరులేని పెట్టెలు కొనేముందు ఆ ధ్రువీకరణ అడగాలి. గేట్‌వే పెట్టి, విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే కాల్స్‌ను అనుమతి లేకుండా మన టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి మళ్లించడం నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

తేలిన మాట

అన్ని దారులూ చూశాక తీర్పు ఇలా వస్తుంది. మాట్లాడే ఫోన్లకు ఏ దారైనా సరే. దూరపు ఎక్స్‌టెన్షన్లకూ హోటల్ గదులకూ ఎక్స్ఛేంజిలోని అనలాగ్ కార్డే దిక్కు. ఫ్యాక్స్ తప్పనిసరైన ఆఫీసు దాన్ని అనలాగ్ కార్డు మీద పెట్టి, గడియారం సరిగా ఉన్న పీఆర్ఐకి కలపాలి. అది కుదరకపోతే రెండు చివరలా టీ.38 ఉందని రాతపూర్వకంగా తీసుకోవాలి. కార్డు మిషన్లు, అలారం ప్యానెళ్లు వీలైతే సిమ్ ఉన్న రకానికి మారాలి. ప్రాణరక్షణ పరికరాలకు సొంత దారి, సొంత బ్యాటరీ ఉండాలి.

కొత్త వ్యవస్థకు టెండరు పిలిచే ఆఫీసులకు చెప్పాల్సింది ఒకటే. ఎక్స్‌టెన్షన్ల సంఖ్య రాసి ఊరుకోకండి. ఏ గదిలో ఏ పరికరం ఉంది, దానికి తీగ ఎంత దూరం, మాటా డేటానా, కరెంటు పోతే పని చేయాలా వద్దా అన్న నాలుగు వివరాలతో పట్టిక తయారుచేసి టెండరుకు జతచేయండి. బిల్లు చెల్లించే ముందు ఆ పట్టికలోని ప్రతి పరికరాన్నీ, ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి కూడా, పనిచేయించి చూడండి.